ఏ పేజీకి ఫ్రేమ్‌వర్క్, ఏ పేజీకి వద్దు: ఎమిరేట్స్ నుంచి ఒక సమీక్ష

కరామాలో టికెట్లు అమ్మే ఏజెన్సీకి వెబ్‌సైట్ కావాలి. షార్జాలో ఒక క్లినిక్‌కి అపాయింట్‌మెంట్లు తీసుకునే పేజీ కావాలి. ఫ్రీజోన్‌లో లైసెన్సులిచ్చే ఆఫీసుకు, దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో చూపే పోర్టల్ కావాలి. ఇవి మూడూ మూడు రకాల పనులు. అయినా కొటేషన్ అడిగితే మూడింటికీ తరచూ ఒకే జవాబు వస్తుంది: రియాక్ట్, లేదా దాని మీద కట్టిన నెక్స్ట్. ఈ పనుల్లో మనవాళ్ల చెయ్యి చిన్నదేం కాదు. దుబాయ్ ఇంటర్నెట్ సిటీలో క్లయింటుతో మాట్లాడేవారూ, గంటన్నర తేడాతో మాదాపూర్‌లో కోడ్ రాసేవారూ తెలుగువాళ్లే అయిన ప్రాజెక్టులు ఎన్నో ఉన్నాయి. అటువైపు, ఆ పేజీలను ఫోన్‌లో తెరిచి వీసా సంగతి చూసుకునే జగిత్యాల, నిజామాబాద్ మనిషీ మనవాడే.

వెబ్ పనికి ఫ్రంటెండ్ ఫ్రేమ్‌వర్క్ అవసరమా అన్న ప్రశ్న పదేళ్లుగా నలుగుతోంది. దానికి జవాబులు కుప్పలుగా ఉన్నాయి కానీ ఒక్కొక్క జవాబు వెనుక ఉన్న పని వేరు. ఆ పనులను విడదీసి చూస్తే వాదంలో సగం ముడులు విడిపోతాయి. మిగతా సగం ఇంకా ముడిపడే ఉంది.

వాదం ఇంతదాకా ఎలా వచ్చింది

2005లో జెస్సీ జేమ్స్ గారెట్ ‘ఏజాక్స్’ అని పేరు పెట్టాక, పేజీ మొత్తం మళ్లీ తెప్పించకుండా కావలసిన ముక్క మాత్రమే మార్చుకునే పద్ధతి నలుగురికీ తెలిసింది. 2006లో జాన్ రెసిగ్ జేక్వెరీ తెచ్చాడు. అప్పటి కష్టం, బ్రౌజర్లు ఒకదానితో ఒకటి పొసగకపోవడం. ఒకదానిలో నడిచిన కోడ్ మరొకదానిలో నడిచేది కాదు. జేక్వెరీ ఆ తేడాలను కప్పిపుచ్చింది. అది ఫ్రేమ్‌వర్క్ కాదు, ఒక మంచి పనిముట్టు.

2010లో వచ్చిన బ్యాక్‌బోన్, గూగుల్ వారి యాంగ్యులర్‌జేఎస్‌లు చూసిన కష్టం వేరు. తెర మీద ఒకే సంఖ్య నాలుగుచోట్ల కనిపిస్తుంటే, ఒకచోట మారినప్పుడు మిగతా మూడుచోట్ల మార్చడం మరిచిపోతాం. 2013లో ఫేస్‌బుక్ బయటపెట్టిన రియాక్ట్ దీనికి అందరికంటే శుభ్రమైన జవాబు చెప్పింది. డేటా ఇలా ఉంటే తెర ఇలా ఉండాలి అని మాత్రం నువ్వు రాయి, మారినచోట మార్చే పూచీ నాది అంది. 2014లో ఎవాన్ యూ తెచ్చిన వ్యూ అదే ఆలోచనను తేలికగా అందించింది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు: ఫ్రేమ్‌వర్క్ పుట్టింది అందమైన పేజీల కోసమో వేగం కోసమో కాదు, మారుతూ ఉండే సమాచారాన్ని తెరతో కలిపి ఉంచడానికి. డెవలపర్లు స్టేట్ అని పిలిచేది ఆ మారే సమాచారాన్నే.

2016 తర్వాత గాలి రెండువైపులా వీచింది. ఆ ఏడే పాతదానితో పొసగని కొత్త యాంగ్యులర్ వచ్చింది. 2021 డిసెంబర్ 31తో పాత యాంగ్యులర్‌జేఎస్‌కు మద్దతు ఆగిపోయింది. దాని మీద కట్టిన ఆఫీసులన్నీ ఇల్లు మారినంత పని మళ్లీ చేసుకోవాల్సి వచ్చింది. 2017లో నెట్‌ఫ్లిక్స్ లాగిన్ కాని వారు చూసే మొదటి పేజీలో బ్రౌజర్ వైపు రియాక్ట్‌ను తీసేసింది. దాంతో పేజీ వాడకానికి సిద్ధమయ్యే సమయం సగానికి తగ్గింది. 2018లో గిట్‌హబ్ జేక్వెరీని వదిలేసినప్పుడు, దాని స్థానంలో మరో ఫ్రేమ్‌వర్క్‌ను తేలేదు. బ్రౌజర్లే ఎదిగాయి, వాటిలో ఉన్నది చాలు అనుకుంది. 2020 చివర్లో హెచ్‌టీఎమ్‌ఎక్స్ మొదటి పూర్తి వెర్షన్, హాట్‌వైర్ నెల తేడాతో వచ్చాయి. రెండూ సర్వర్ నుంచి సిద్ధం చేసిన హెచ్‌టీఎమ్‌ఎల్ పంపే పాత దారికే కొత్త జీవం పోశాయి. ఆ డిసెంబర్‌లోనే రియాక్ట్ బృందం సర్వర్ కాంపొనెంట్ల ఆలోచన ప్రకటించింది. అంటే రెండు శిబిరాలూ సర్వర్ వైపు తిరిగి నడవడం మొదలుపెట్టాయి, వేర్వేరు దారుల్లో.

ఎమిరేట్స్ కాలక్రమం దీని పక్కన పెట్టి చూడాలి. దుబాయ్ ఇంటర్నెట్ సిటీ 2000లో, దుబాయ్ ఈ-గవర్నమెంట్ పోర్టల్ 2001లో తెరిచారు. 2018లో డిజిటల్ గుర్తింపుతో సేవల్లోకి లాగిన్ అయ్యే యూఏఈ పాస్ వచ్చింది. తన ప్రభుత్వంలో కాగితమే లేదని దుబాయ్ ప్రకటించింది 2021 డిసెంబర్‌లో. సేవలు కౌంటర్ల నుంచి తెర మీదికి వేగంగా మారిన దశాబ్దమూ, ఫ్రేమ్‌వర్క్‌లు రాజ్యమేలిన దశాబ్దమూ ఒకటే అయ్యాయి. అందుకే ఇక్కడ ‘ఆన్‌లైన్ సేవ’ అనగానే ‘సింగిల్ పేజ్ యాప్’ (తెరంతా బ్రౌజర్‌లో జావాస్క్రిప్టే కట్టే సైట్) అన్న అర్థం చాలామంది మనసుల్లో కలిసిపోయింది. ఆ రెండూ ఒకటి కావు.

నాలుగు మార్గాలు

మొదటి మార్గం వారి మాట: వెబ్‌సైట్‌ను యాప్‌లాగే కట్టు. వీరి బలమైన వాదన వేగం గురించి కాదు, మనుషుల గురించి. ఇరవైమంది ఒకే తెర మీద పనిచేస్తున్నప్పుడు ప్రతి ముక్కకూ సరిహద్దు ఉండాలి. ఎవరి బటన్ వారిది, ఎవరి ఫారం వారిది కావాలి. కొత్తగా చేరినవాడికి ఆ పద్ధతి ముందే తెలిసి ఉండాలి. ఈ వాదనను తేలిగ్గా తీసేయడం అన్యాయం. ఫ్రేమ్‌వర్క్ వాడని పెద్ద ప్రాజెక్టులు చాలావాటిలో రెండేళ్లు తిరిగేసరికి సొంత ఫ్రేమ్‌వర్క్ ఒకటి తయారవుతుంది. దానికి డాక్యుమెంటేషన్ ఉండదు, తెలిసినవాడు ఒక్కడే ఉంటాడు.

రెండోవారు నిజం సర్వర్ దగ్గరే ఉండాలంటారు. దరఖాస్తు ఆమోదం పొందిందా లేదా అన్నది డేటాబేస్‌కు తెలుసు. దాన్ని మొదట జేసన్ అనే డేటా రూపంలోకి మార్చి, బ్రౌజర్‌కు పంపి, అక్కడ మళ్లీ హెచ్‌టీఎమ్‌ఎల్ చేయడం ఎందుకని వీరి ప్రశ్న. తరచూ చెప్పే ఉదాహరణ ఫ్రాన్స్‌కు చెందిన కాంటెక్స్ట్ అనే మీడియా సంస్థది. 2022లో వారు రియాక్ట్ నుంచి హెచ్‌టీఎమ్‌ఎక్స్‌కు మారి, 21,500 వరుసల కోడ్‌ను 7,200కు తెచ్చారు. 255 జావాస్క్రిప్ట్ ప్యాకేజీల మీద ఆధారపడింది కాస్తా తొమ్మిదికి దిగింది. ఈ అంకెలు నిజమే కానీ అది చదివే, వెతికే, జాబితాలు చూసే సైట్ అని మరవకూడదు. అదే మార్పు గ్రాఫిక్ ఎడిటర్ మీద చేసి ఉంటే ఫలితం తలకిందులయ్యేది.

మూడోది మధ్యేమార్గం. పేజీ అంతా నిశ్చలమైన హెచ్‌టీఎమ్‌ఎల్‌గా ఉంటుంది. కదలిక కావలసినచోట మాత్రమే ఫ్రేమ్‌వర్క్ ముక్కను దీవిలా పెడతారు. 2022లో మొదటి పూర్తి వెర్షన్ వచ్చిన ఆస్ట్రో దీని ముఖ్య ప్రతినిధి. రియాక్ట్ సర్వర్ కాంపొనెంట్లు కూడా ఇదే గమ్యానికి అటునుంచి ప్రయాణిస్తున్నాయి. అయితే రెండింటి మధ్య ఒక తేడా ఉంది. ఆస్ట్రోలో ఏమీ అడగకపోతే బ్రౌజర్‌కు జావాస్క్రిప్ట్ వెళ్లదు. సర్వర్ కాంపొనెంట్లలో ఏది ఎక్కడ నడుస్తోందో డెవలపర్ నిత్యం గుర్తుంచుకోవాలి. ఆ గీత చెరిగిన చోటే తప్పులు వస్తున్నాయి.

నాలుగోవారు బ్రౌజర్‌నే నమ్ముకుంటారు. పాపప్ పెట్టెకు ‘డైలాగ్’ మూలకం 2022 నుంచి అన్ని ప్రధాన బ్రౌజర్లలో ఉంది. సొంత మూలకాలు తయారుచేసుకునే వెబ్ కాంపొనెంట్లు 2020 నుంచి నడుస్తున్నాయి. తేదీలు, డబ్బు ఏ భాష పద్ధతిలో చూపాలో బ్రౌజర్‌కే తెలుసు. పదేళ్ల కింద లైబ్రరీ లేకుండా సాధ్యం కాని పనుల్లో చాలావాటికి ఇప్పుడు లైబ్రరీ అక్కర్లేదు. వీరి బలహీనత కూడా ఇక్కడే ఉంది. బ్రౌజర్ ఇటుకలు ఇస్తుంది కానీ ఇల్లు ఎలా కట్టాలో చెప్పదు.

నాలుగింటినీ పక్కపక్కన పెడితే: మొదటిది పెద్ద బృందానికి, ఎడతెగక మారే తెరకు నప్పుతుంది, కానీ బరువు ఎక్కువ. రెండోది ఫారాలకూ జాబితాలకూ నప్పుతుంది, నెట్ లేనప్పుడు పనిచేయదు. మూడోది చదివే పేజీల మధ్య అక్కడక్కడ కదలిక ఉన్నచోట బాగుంటుంది, రెండు రకాల ఆలోచన నేర్చుకోమంటుంది. నాలుగోది ఎక్కువకాలం పాడవకుండా ఉంటుంది, క్రమశిక్షణ బృందమే తెచ్చుకోవాలి.

కుడి నుంచి ఎడమకు

ఎమిరేట్స్‌లో ఈ ప్రశ్నకు ఇతర దేశాల్లో లేని పదును ఒకటి ఉంది. రాజ్యాంగం ప్రకారం అధికార భాష అరబిక్. ప్రభుత్వ సైట్లూ, ప్రజలతో పనిపడే పెద్ద సంస్థల సైట్లూ అరబిక్, ఇంగ్లిష్ రెండింటిలో ఉంటాయి. అరబిక్‌లో పేజీ అద్దంలో చూసినట్టు తిరగాలి. మెనూ కుడివైపుకు రావాలి, ‘తర్వాత’ బాణం ఎడమకు చూపాలి. హైదరాబాద్‌లో ఇంగ్లిష్ తెర మీద మాత్రమే పరీక్షించి పంపిన పని బయటపడేది ఇక్కడే.

ఇందులో ఫ్రేమ్‌వర్క్ చేసేది ఎంత, చేయనిది ఎంత? ఎడమ అంచు, కుడి అంచు అని కాకుండా వాక్యం మొదలయ్యే అంచు, ముగిసే అంచు అని చెప్పే సీఎస్‌ఎస్ లక్షణాలు ఇప్పుడు బ్రౌజర్లోనే ఉన్నాయి. హెచ్‌టీఎమ్‌ఎల్ మూలంలో దిశ మారిస్తే పేజీ దానంతట అదే తిరుగుతుంది. సీఎస్‌ఎస్ సాధనాలైన బూట్‌స్ట్రాప్ 2021లో వచ్చిన 5వ వెర్షన్‌తో, టెయిల్‌విండ్ 2023లో 3.3తో ఈ దారికి వచ్చాయి. రియాక్ట్‌కు గానీ వ్యూకు గానీ దీనితో సంబంధం లేదు. వాటి మీద కట్టిన రెడీమేడ్ భాగాల లైబ్రరీలకు ఉంది. ఆ లైబ్రరీ రాసినవారు ‘లెఫ్ట్’ అని రాసి ఉంటే, ఆ తప్పు మన పేజీలోకి అలాగే దిగుతుంది.

ఒక చిన్న ఉదాహరణ చాలు. అరబిక్ వాక్యం మధ్యలో ఖాళీలు విడిచి రాసిన +971 నంబర్ పెడితే, అంకెల గుంపుల వరుస తిరగబడి, ప్లస్ గుర్తు అవతలి చివర తేలుతుంది. నంబర్‌ను ఇంగ్లిష్ దిశలో విడిగా చుట్టి ఉంచితే సరిపోతుంది, ఒక్క మూలకం పని. దాన్ని ఏ ఫ్రేమ్‌వర్కూ మనకోసం చేసిపెట్టదు. తెలిసిన మనిషి ఉండాలి, అంతే.

అవతలి పక్షానికీ ఇక్కడ గట్టి ఉదాహరణ ఉంది. తేదీ ఎంచుకునే క్యాలెండర్‌నే తీసుకోండి. అరబిక్‌లో కుడి బాణం నొక్కితే వెనకటి రోజుకు పోవాలి. ఉమ్ అల్ ఖురా హిజ్రీ క్యాలెండర్ కూడా కావాలంటారు. స్క్రీన్ రీడర్‌తో వాడేవారికి, యూఏఈ అధికారికంగా ‘పీపుల్ ఆఫ్ డిటర్మినేషన్’ అని పిలిచేవారికి, అది సరిగ్గా చదివి వినిపించాలి. దీన్ని చేత్తో రాయబోయే బృందం నెలలు పోగొట్టుకుంటుంది. అడోబీ వారి రియాక్ట్ అరియా లాంటి లైబ్రరీ ఇవన్నీ ముందే పట్టించుకుంది. కాబట్టి ఆ ఒక్క భాగం కోసం రియాక్ట్ తెచ్చుకోవడం సమర్థించదగిన నిర్ణయమే. ఆ ఒక్క దాని కోసం ‘సంప్రదించండి’ పేజీని కూడా రియాక్ట్‌లో రాయడం సమర్థించలేం.

దేశ డిజైన్ వ్యవస్థ ఈ విషయంలో తీసుకున్న వైఖరి గమనించదగినది. టెలికమ్యూనికేషన్స్, డిజిటల్ ప్రభుత్వ నియంత్రణ సంస్థ నడిపే యూఏఈ డిజైన్ సిస్టమ్ టెయిల్‌విండ్ సీఎస్‌ఎస్ మీద కట్టింది. దాని భాగాలను మామూలు హెచ్‌టీఎమ్‌ఎల్‌గానూ వాడుకోవచ్చు, రియాక్ట్ భాగాలుగానూ తెచ్చుకోవచ్చు. ప్రభుత్వ పనికి ఫ్రేమ్‌వర్క్ తప్పనిసరి అనే మాటకు ఆధారం అందులో లేదు.

యూఏఈ పాస్ విషయంలోనూ అంతే. లాగిన్ అయిన వ్యక్తి తరఫున వచ్చే సంకేతాన్ని టోకెన్‌గా మార్చుకోవడానికి రహస్య తాళం కావాలి. దాన్ని బ్రౌజర్‌లో ఉంచకూడదు, సర్వర్ దగ్గరే ఉండాలి. అంటే ఈ సేవతో కలిసే ప్రతి ప్రాజెక్టుకూ సర్వర్ ఎలాగూ ఉంటుంది. ఉన్న సర్వర్ పేజీని కూడా తయారుచేసి పంపగలదా అని అడగడం సహజం. చాలాసార్లు పంపగలదు.

రెండు ఫోన్లు

5జీ ఇక్కడికి 2019లోనే వచ్చింది. ఇంటర్నెట్ వేగాలు కొలిచే ఊక్లా సంస్థ లెక్కల్లో మొబైల్ ఇంటర్నెట్ వేగంలో ఈ దేశం కొన్నేళ్లుగా ప్రపంచంలో ముందు వరుసలో ఉంది. అందుకే ‘ఇక్కడ జావాస్క్రిప్ట్ బరువు సమస్యే కాదు’ అనే మాట తరచూ వినిపిస్తుంది. ఈ వాదంలో అందరికంటే ఎక్కువగా తప్పుదారి పట్టించే మాట ఇదే.

జావాస్క్రిప్ట్‌కు రెండు ఖర్చులు. ఒకటి డౌన్‌లోడ్, అది నెట్‌వర్క్ మీద ఆధారపడుతుంది. రెండోది దాన్ని చదివి నడపడం, అది ఫోన్ ప్రాసెసర్ మీద ఆధారపడుతుంది. టవర్ ఎంత వేగంగా పంపినా, చవక ఆండ్రాయిడ్ ఫోన్ ఆ కోడ్ నమలడానికి తీసుకునే సమయం తగ్గదు. షేక్ జాయెద్ రోడ్ మీది ఆఫీసులో కొత్త ఐఫోన్‌లో రెప్పపాటులో తెరుచుకున్న పేజీ, సోనాపూర్ కార్మికుల క్యాంపులోనో అబుదాబి ముసఫ్ఫాలోనో నాలుగేళ్ల నాటి ఫోన్‌లో నొక్కినా పలకకుండా ఉండిపోవచ్చు. రెండు చోట్లా నెట్‌వర్క్ అదే, ఫోన్లు వేరు.

ఆ రెండో ఫోన్ ఉన్నవాడికే ఆ పేజీతో పెద్ద అవసరం. 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా వీసా గడువు దాటినవారికి క్షమాభిక్ష నడిచినప్పుడు, లెక్కలో ఉన్నవి రోజులు. అలాంటి సమయంలో ఫారం పేజీ తెల్లగా నిలిచిపోతే ఆ మనిషి మళ్లీ ప్రయత్నించడు, టైపింగ్ సెంటర్‌కు పోయి డబ్బులిచ్చి పని చేయించుకుంటాడు. ఫారం సాదా హెచ్‌టీఎమ్‌ఎల్‌లో ఉండి, తప్పులు వెంటనే చూపే సౌకర్యం మాత్రం జావాస్క్రిప్ట్‌తో జతచేస్తే, జావాస్క్రిప్ట్ రాకపోయినా దరఖాస్తు అందుతుంది. బ్రిటన్ ప్రభుత్వ సైట్ 2013లో కొలిచినప్పుడు 1.1 శాతం మందికి జావాస్క్రిప్ట్ అందలేదు. వారిలో కావాలని ఆపుకున్నవారు 0.2 శాతమే, మిగతా 0.9 శాతానికి ఏదో కారణాన అది చేరలేదు. శాతం చిన్నది. వీసా విషయంలో ఆ చిన్న శాతంలో పడ్డవాడికి మాత్రం అది నూటికి నూరు.

చేతులు మారే కోడ్

ఎమిరేట్స్‌లో బృందాలు నిలకడగా ఉండవు. మెయిన్‌లాండ్ వర్క్ పర్మిట్ రెండేళ్లది. 2022 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన కార్మిక చట్టం నోటీసు గడువును 30 నుంచి 90 రోజుల మధ్య ఉంచింది. రాసినవాడు కెనడా వెళ్లాడు, చూసుకునేవాడు హైదరాబాద్‌లో వేరే కంపెనీలో చేరాడు, సైట్ మాత్రం ఇక్కడే ఉంది. ఈ పరిస్థితిని రెండు పక్షాలూ తమకు అనుకూలంగానే చెప్పుకుంటాయి.

రియాక్ట్ తెలిసినవాడు రేపు దొరుకుతాడు, కాబట్టి రియాక్ట్ క్షేమం అంటారు మొదటి మార్గం వారు. మనిషి దొరకడం వరకు అది నిజం. అయితే ‘రియాక్ట్’ అన్న ఒక్క పేరు కింద ఉన్నవి ఒకే రకం ప్రాజెక్టులు కావు. రూటింగ్‌కు ఒక లైబ్రరీ, స్టేట్‌కు ఒకటి, బిల్డ్‌కు ఒకటి, ఒక్కో ప్రాజెక్టులో ఒక్కో ఎంపిక. ఎన్నో ఏళ్లు కొత్తవాళ్లకు మొదటి మెట్టుగా ఉన్న క్రియేట్ రియాక్ట్ యాప్‌ను 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ బృందమే పక్కన పెట్టింది. మూడేళ్లు ముట్టుకోని ప్రాజెక్టును తిరిగి బిల్డ్ చేయబోతే, కోడ్ మారకపోయినా చుట్టూ లోకం మారి ఉంటుంది. మూడేళ్లు ముట్టుకోని హెచ్‌టీఎమ్‌ఎల్ మాత్రం అలాగే తెరుచుకుంటుంది. నా అంచనాలో తీర్పు సైట్‌ను ఎవరు చూసుకుంటారన్నదాన్ని బట్టి మారుతుంది. నిత్యం పనిచేసే సొంత బృందం ఉన్న సంస్థకు ఫ్రేమ్‌వర్క్ అరుగుదల భారం కాదు. ఏజెన్సీతో ఒకసారి కట్టించుకుని ఐదేళ్లు నడపాలనుకునే క్లినిక్‌కు అదే పెద్ద భారం.

ఎక్కడ తప్పదు

కావలసినచోట వద్దనడం కూడా తప్పే. జబల్ అలీ ఓడరేవులో కంటైనర్ల కదలికలు చూపే బోర్డు, ఒకే తెర మీద వడపోతలూ మ్యాపూ జాబితా కలిసి కదిలే ఇళ్ల అద్దె సైట్, ఇద్దరు ముగ్గురు ఒకేసారి మార్చే షిఫ్టుల పట్టిక, నెట్ లేని పనిచోట ఇంజనీర్ నింపి తర్వాత పంపే తనిఖీ ఫారం. వీటిలో మారే సమాచారం బ్రౌజర్‌లోనే పుట్టి, బ్రౌజర్‌లోనే చాలాసేపు బతుకుతుంది. ప్రతి కదలికకూ సర్వర్‌ను అడగడం కుదరదు. ఇక్కడ జేక్వెరీతోనో చేతిరాతతోనో నెట్టుకురావాలనుకోవడం మొండితనం.

పైన చెప్పిన ఫ్రీజోన్ పోర్టల్‌ను ఇదే కొలతతో చూద్దాం. దరఖాస్తు స్థితి చూపే పేజీకి ఫ్రేమ్‌వర్క్ అక్కర్లేదు. ఫారానికి దాదాపు అక్కర్లేదు. వాటాదారుల పేర్లు, శాతాలు జతచేస్తూ మొత్తం వంద అయ్యేలా చూసే పట్టికకు చిన్న దీవి చాలు. లోపలి అధికారులు రోజంతా తెరిచి ఉంచే పరిశీలన బోర్డుకు పూర్తి ఫ్రేమ్‌వర్క్ సమంజసం. ఒకే ప్రాజెక్టులో నాలుగు జవాబులు. ప్రశ్నను ప్రాజెక్టు స్థాయిలో అడగడం వల్లనే వాదం ఇంతగా చిక్కుపడింది. పేజీ స్థాయిలో అడిగితే చాలామంది మధ్య తేడా లేదని తెలుస్తుంది.

ఇంకా తేలనివి

భద్రత మొదటిది. 2025 డిసెంబర్‌లో రియాక్ట్ సర్వర్ కాంపొనెంట్లలో అత్యంత తీవ్రమైన లోపం బయటపడింది. లాగిన్ కూడా అవసరం లేకుండా సర్వర్ మీద బయటివాడు కోడ్ నడపగలిగే లోపం. తీవ్రత కొలమానంలో పదికి పది. బ్రౌజర్‌లో మాత్రమే నడిచిన రియాక్ట్‌కు ఈ తరహా ప్రమాదం లేదు. సర్వర్ వైపు తిరిగి వచ్చిన ఫ్రేమ్‌వర్క్ సర్వర్ బాధ్యతలను కూడా మోయాలి. ఆ బాధ్యతకు ఫ్రంటెండ్ బృందాలు ఎంత సిద్ధంగా ఉన్నాయన్నది తేలాల్సి ఉంది.

రెండోది కృత్రిమ మేధ. 2023లో వచ్చిన వెర్సెల్ వారి వీజీరో లాంటి సాధనాలు అడగ్గానే ఇచ్చేది రియాక్ట్, టెయిల్‌విండ్ కోడే. లోకంలో ఎక్కువగా ఉన్న కోడ్ మీద శిక్షణ పొందినవి ఆ కోడే ఎక్కువ రాస్తాయి. చేత్తో రాసే శ్రమ తగ్గాక ఫ్రేమ్‌వర్క్ అవసరం తగ్గుతుందనేవారున్నారు. సాధనాలకు తెలిసినదే మిగులుతుందనేవారూ ఉన్నారు. రెండూ నిజమయ్యే సూచనలు కనిపిస్తున్నాయి.

మూడోది కొలత. 2024 మార్చి నుంచి గూగుల్ కొలమానాల్లో, నొక్కాక పేజీ స్పందించే సమయం ఒక ప్రధాన కొలత అయింది. 200 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిదంటారు. క్రోమ్ వాడేవారి నుంచి సేకరించిన ఈ వివరాలు దేశాలవారీగా, యూఏఈకి విడిగా, ఎవరైనా చూసుకునేలా ఉన్నాయి. ఆఫీసు ల్యాప్‌టాప్ మీద పరీక్షించిన ఫలితం కంటే ఇవి ఎంతో నిజమైనవి. అయితే ఆ లెక్కలో ఐఫోన్లు ఉండవు. ఐఫోన్లు ఎక్కువగా తిరిగే దుబాయ్ లాంటి నగరంలో అది పెద్ద ఖాళీయే. క్యాంపుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లు మాత్రం అందులోకి వస్తాయి. కొటేషన్ రాసే ముందు తమ రంగంలోని నాలుగు సైట్ల అంకెలు అందులో తీసి చూసే బృందానికి, రియాక్ట్ మీద కట్టి కూడా 200 లోపు ఉన్నవీ, సాదా పేజీలై ఉండి కూడా ప్రకటనల స్క్రిప్టుల వల్ల దాటిపోయినవీ రెండు రకాలూ ఎదురుకావచ్చు.